షావుకారు ముక్కు

మా బల్లకట్టు కంపు కొడుతోందని కృష్ణకు ఇటు పల్నాడులోనూ అటు నల్గొండ వైపూ అందరికీ తెలిశాక ఆఖరున తెలిసింది నాకు. తెలిశాక నమ్మలేదు. నమ్మాక, అది మాది కాదన్నాను. మాదేనని తేలాక, తప్పెవరిదా అని ఊరంతా వెతికాను. వరసపెట్టి ఇన్ని తెలివితక్కువ పనులు చేయాలంటే కొంత చదువు, చేతిలో నాలుగు డబ్బులు, పదిమందిలో మాట చెల్లుబాటు ఉండాలి. నాకు ఆ మూడూ ఉన్నాయి.

దాచేపల్లిలో నాది పశువుల దాణా కొట్టు. పత్తి చెక్క, వేరుశనగ చెక్క, తవుడు, మినప పొట్టు అమ్ముతాను. పడవ గురించి నాకు తెలిసిందల్లా అది నీళ్ల మీద తేలుతుందని. కృష్ణ రేవుల్లో బల్లకట్టు నడిపే హక్కుకు జిల్లా పరిషత్ పాట పెడుతుంది. ఒక ఏడాది పాడుకున్న వాళ్లలో ఒకాయన వాటా కలుస్తావా అన్నాడు. రోజూ సాయంత్రం రేవులో కుర్చీ వేసుకుని కూర్చోవచ్చన్న ఆశతో కలిశాను. రేవు పేరు మాత్రం చెప్పను. పాపం, దాని తప్పేం లేదు.

2013 చివర్లో పులిచింతల ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. ఆ తర్వాత మా వైపు కృష్ణ నది పోయి చెరువు వచ్చింది. నిండితే 45 టీఎంసీలు దాటి పట్టే జలాశయం. దాని వెనక నీళ్లు మా దాకా కదలకుండా నిలబడి ఉంటాయి. మరుసటి ఏడు జూన్‌లో రాష్ట్రం రెండయ్యేసరికి ఆ నిలబడ్డ నీళ్లే సరిహద్దయ్యాయి. అయినా మనుషులు దాటడం ఆగలేదు. మిరప కోతలకు అటునుంచి కూలీలు ఇటు వస్తారు. మట్టపల్లి నరసింహస్వామి దర్శనానికి ఇటునుంచి అటు వెళతారు. మోటారు సైకిళ్లు, మేకలు, పెళ్లివాళ్లు, నాపరాళ్లు, టీవీ పెట్టెలు, అన్నీ ఎక్కుతాయి.

మా బల్లకట్టంటే పక్కపక్కన పెట్టి బిగించిన రెండు ఇనుప పడవలు, వాటి మీద పరిచిన బల్లలు, వెనక డీజిల్ ఇంజను. పడవల కడుపులో గదులుంటాయి. ఒక్కో గదికి పైన మూత. అతుకుల్లోంచి ఊరిన నీళ్లు, వాన నీళ్లు, ఇంజను కార్చిన నూనె ఆ అడుగునే చేరతాయి. సరంగు రోజూ మోటారు పెట్టి తోడేవాడు. ఎడమ పడవలో ఒక మూత ఎత్తుగా ఉండి మోటారు సైకిళ్ల చక్రాలకు తగులుతోందని, నేను వాటా కలిసిన కొత్తలోనే దాని మీద ఇనుప రేకు పరిపించి బోల్టులు బిగించి అంచులకు తారు పూయించాను. నీళ్లు తోడే గొట్టానికి ఒక కన్నం మాత్రం వదిలాను. సరంగు గడ్డం గోక్కుంటూ, "మూతకు గాలాడాలి షావుకారుగారూ" అన్నాడు. నునుపైన ఆ రేకు మీద నా కుర్చీ, డబ్బుల పెట్టె చక్కగా ఇమిడాయి. గాలి సంగతి నాకు పట్టలేదు.

సంక్రాంతి వెళ్లింది. ఎండ కాస్త ముదిరింది. కోతల కూలీలు దిగడం మొదలైంది. ఎక్కిన ఆడవాళ్లు ఎక్కినట్టే కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుంటున్నారు. మిరప ఘాటు అలవాటై అలా చేస్తున్నారనుకున్నాను. అవతలి ఒడ్డు పెద్దావిడ ఒకామె నా పెట్టె పక్కనే కూలబడి, "గిదేం కంపయ్యా, మా ఇంటికాడ కుడితి గోలెం లెక్కున్నది!" అంది. ఉన్నది ఉన్నట్టు చెప్పిన మాట అది. రోగం పేరు, పుట్టిన చోటు అందులోనే ఉన్నాయి. నేను గాలి గట్టిగా పీల్చి, ఏమీ తెలియక, "ఎండకు అట్లాగే ఉంటుందిలే అవ్వా" అన్నాను. పొద్దున్నుంచి రాత్రి దాకా పత్తి చెక్క బస్తాల మధ్య బతికేవాడికి కుడితి వాసన ఏం తెలుస్తుంది?

ఫిర్యాదులు ముదిరాయి. నాకు ముందు దొరికింది చేపలమ్మి. రోజూ తెల్లారి రెండు బుట్టలతో అవతలికి వెళ్లి అమ్ముకొచ్చే మనిషి. నీచు బుట్టలు ఎక్కడానికి వీల్లేదని నలుగురిలో అన్నాను. ఆమె బుట్ట మీద తడిగుడ్డ తీసి ఒక జెల్ల మొప్ప ఎత్తి చూపించింది. ఎర్రగా నెత్తురు చుక్కలా ఉంది. "పొద్దున పట్టింది, పది గంటలకల్లా అమ్ముడుపోతది. కంపు కొట్టే తీరిక దీనికెక్కడిది సావుకారూ?" అంది. జవాబు దొరక్క కోపం వచ్చింది. దిగిపొమ్మన్నాను. ఆ రోజు నుంచి ఆమె పొందుగల వంతెన మీదుగా ఆటోలో చుట్టు తిరిగి వెళ్లింది. బుట్టల మీద మిగిలేది ఆటోవాడికే సరిపోయేదని తర్వాత విన్నాను.

ఆమె పోయింది, కంపు పోలేదు. అప్పుడు మూసీ మీద పడ్డాను. మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు మురుగంతా మోసుకుని, వాడపల్లి దగ్గర, అంటే మాకు ఎగువనే, కృష్ణలో కలుస్తుంది. ఇంతకన్నా మంచి ముద్దాయి ఎక్కడ దొరుకుతాడు? ఎక్కిన వాళ్లందరికీ అవతలి ఒడ్డు వచ్చేదాకా నీటి కాలుష్యం మీద ఉపన్యాసమిచ్చాను. ఒక రోజు మట్టపల్లి వెళుతున్న రిటైరైన మాస్టారు ఓపిగ్గా అంతా విని, "మూసీ అయితే ఒడ్డున కూడా కొట్టాలి కదండీ? ఒడ్డున లేదు. బల్లకట్టు మీద కూడా ముందు వైపు లేదు. మీ డబ్బుల పెట్టె దగ్గరే ఉంది" అన్నారు. బడిపిల్లవాడికి కూడా తట్టే తర్కమది. ఆయన దిగాక సరంగుతో, "మాస్టర్లకు పడవల గురించేం తెలుసు?" అన్నాను.

సరంగు నవ్వలేదు. ఎడమ పడవలో మోటారు జాలీకి ఏదో అడ్డం పడుతోందని, నీళ్లు సరిగా రావట్లేదని, రేకు విప్పి చూద్దామని అన్నాడు. తారు పాడవుతుందని ఒప్పుకోలేదు. ఈలోగా నా వేలికున్న వెండి ఉంగరం నల్లబడింది. శని పట్టిందని శనివారం తైలాభిషేకం చేయించి, నల్ల నువ్వులు దానమిచ్చి వచ్చాను. సరంగు తన మెడలోని వెండి తాయెత్తు చూపించాడు. అదీ నలుపే. "మనిద్దరికీ ఒకేసారి పట్టిందన్నమాట" అన్నాడు. కుళ్లిన గుడ్డు కంపుకు కారణమైన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వెండిని నల్లగా మారుస్తుంది. ఆ సంగతి ఎప్పుడో బళ్లో చదివాను. చదువు కొట్టు దాకా వచ్చి ఆగింది, బల్లకట్టు ఎక్కలేదు.

ఇక వైద్యం మొదలుపెట్టాను. అగరొత్తులు, కర్పూరం, ఫినాయిలు, దిష్టి గుమ్మడికాయ. వచ్చేవాళ్లు ఇప్పుడు కంపుతో పాటు వీటినీ భరించాల్సి వచ్చింది. ఆఖరి అస్త్రం సున్నం. మా దగ్గర దానికి కొదవ లేదు. దాచేపల్లి చుట్టుపక్కల నేల కింద అంతా సున్నపురాయే. నాపరాళ్ల గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, పిడుగురాళ్ల బట్టీలు, అన్నీ దాని మీద బతికేవే. సున్నం నీళ్లలో కలిపి గొట్టం కన్నంలోంచి బిందెలకొద్దీ పోయించాను.

గుడ్డు కంపు కాస్త తగ్గింది. దాని బదులు కళ్లలో కారం కొట్టినట్టు ఒక ఘాటు లేచింది. పెళ్లివాళ్లు ఎక్కిన ట్రిప్పు అది. పెళ్లికూతురితో సహా అందరూ ఏడ్చుకుంటూ దిగారు. అవతలి ఒడ్డున ఎదురొచ్చిన వియ్యాలవారు అప్పగింతలు అప్పుడే అయిపోయాయా అని కంగారుపడ్డారు. కుళ్లిన మాంసకృత్తుల్లోంచి పుట్టే అమ్మోనియా మామూలుగా నీళ్లలో కరిగి పడి ఉంటుంది. సున్నం పడితే వాయువై పైకి లేస్తుంది. అమ్మోనియం సల్ఫేటులో సున్నం కలపొద్దని నా కొట్టుకొచ్చే రైతులందరికీ తెలుసు. వాళ్లకు దాణా అమ్మే నాకు తోచలేదు.

ఒక్క ఊరట. ఈ పిచ్చి పని నాకన్నా పెద్దవాళ్లు కూడా చేశారు. 1858 వేసవిలో లండన్‌లో థేమ్స్ నది మురుగుతో భరించలేనంత కంపు కొట్టింది. ఒడ్డునే ఉన్న పార్లమెంటులో కిటికీ తెరలను బ్లీచింగ్ పౌడరు నీళ్లలో ముంచి వేలాడదీశారు. కంపు ఆగలేదు. చివరికి డబ్బు మంజూరు చేసి, బజల్జెట్ అనే ఇంజనీరు చేత ఊరి కింద మురుగు కాలువలు తవ్వించారు. కంపు మీద తెర కప్పడం మానేసి అది వచ్చే దారి చూశారన్నమాట. నాకు ఆ బుద్ధి చెప్పడానికి పార్లమెంటు లేదు, సరంగు ఉన్నాడు.

అతను నాకు చెప్పకుండా ఒక సాయంత్రం చేపలమ్మిని పిలుచుకొచ్చాడు. "మన ముక్కులు ఈ కంపుకు అలవాటు పడిపోయాయి షావుకారుగారూ, కొత్త ముక్కు కావాలి" అన్నాడు. ఇంజను ఆపేశాడు. గాలి పడేదాకా ఆగాడు. ఆమె నా వంక చూడను కూడా చూడలేదు. ముందు చివర నుంచి వంగి, ఒక్కో బల్ల సందు దగ్గర ముక్కు పెట్టి, మధ్యమధ్యలో అంచుకు వెళ్లి నది మీది గాలి పీల్చి, మళ్లీ వచ్చి వెతికింది. నా కుర్చీ దగ్గర ఆగింది. డబ్బుల పెట్టెను కాలితో పక్కకు నెట్టి గొట్టం కన్నం మీదికి వంగి, "ఇదుగో. చేప కాదు, మురుగు కాదు. గొడ్ల మేత కుళ్లింది" అంది. ఆమెకు చేప వాసన తెలియదేమో గానీ, నా వాసన బాగానే తెలిసింది.

బోల్టులు విప్పి రేకు లేపారు. అందరూ వెనక్కి తూలారు. మగతనం చూపించాలని నేను ముందుకు పోయి మూతలో తల దూర్చాను. రెండు మూడుసార్లు పీల్చేసరికి చిత్రంగా కంపు మాయమైంది. "పోయింది! కంపు లేదు!" అని అరిచాను. సరంగు నా చొక్కా కాలరు పట్టి వెనక్కి లాగాడు. వెల్లకిలా పడి, నలుగురిలో నా మీద చెయ్యేస్తావా అని తిట్టబోయాను. తల తిరిగి మాట రాలేదు.

పోయింది కంపు కాదు, నా ముక్కు. ఆ హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పది లక్షల పాళ్ల గాలిలో ఒక పాలు కూడా లేకుండానే మనిషి ముక్కుకు తెలుస్తుంది. అదే వంద పాళ్లకు చేరితే కొద్ది నిమిషాల్లో వాసన తెలిసే శక్తే పోతుంది. ఐదు వందలు దాటితే మనిషి అక్కడికక్కడే కూలిపోవచ్చు. పైగా గాలికన్నా బరువు, అడుగునే పేరుకుంటుంది. మూసి ఉంచిన ఇనుప గదిలో తుప్పు కూడా ప్రాణవాయువును తినేస్తుంది. సెప్టిక్ ట్యాంకుల్లో, పాత బావుల్లో దిగినవాడు పైకి రాక, వాణ్ని తీయబోయినవాడూ పోయిన వార్తలు మనం పేపర్లో చదివి పేజీ తిప్పేస్తాం. నేను మర్నాడు ఎవరో ఒక కుర్రాణ్ని లోపలికి దింపుదామనుకున్నవాణ్ని. దింపి ఉంటే ఈ కథ నవ్వుతూ చెప్పుకునేది కాదు.

సరంగు ఎవర్నీ దిగనివ్వలేదు. ఆ పడవ మూతలన్నీ తీసి, గాలి కొట్టే ఫ్యాను పెట్టి, రాత్రంతా ఆరనిచ్చాడు. పొద్దున పైనుంచే నీళ్లు తోడి, పొడుగాటి కొక్కెంతో కెలికితే బరువుగా ఏదో తగిలింది. లాగితే బస్తా. నల్లటి జావ కారుతోంది. పత్తి గింజల నూగు జడలు కట్టి కుట్టుకు వేలాడుతోంది. బుడగలు ఇంకా చిట్లుతున్నాయి. జావ కిందినుంచి ఎర్రసిరా ముద్ర మెల్లగా బయటపడింది. చదవడానికి కళ్లజోడు అక్కర్లేకపోయింది. అది నా కొట్టు ముద్ర.

అప్పుడు గుర్తొచ్చింది. పత్తి తీతల నాటి వాన. అవతలి ఒడ్డు బేరానికి నా పత్తి చెక్క బస్తాలు వేసుకుని వెళుతుంటే వాన ముంచుకొచ్చింది. తడవకుండా మూతలోంచి కిందికి తోయించాను. ఒడ్డు చేరాక హడావుడిగా దింపించాను. ఒక బస్తా లెక్క తగ్గింది. హమాలీ కాజేశాడని వాడి కూలీలో కోసుకున్నాను. ఆ వెంటనే మూత మీద రేకు వేయించాను. నా సరుకును నా చేత్తో కింద పాతిపెట్టి, తారు పూసి, దాని మీద కుర్చీ వేసుకుని కూర్చుని, హైదరాబాదును తిట్టానన్నమాట.

హమాలీకి కోసిన కూలి ఇచ్చేశాను. లెక్కపెట్టి జేబులో వేసుకున్నాడు, ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. రేకు తీయించి, గాలాడే జాలీ మూత పెట్టించాను. చక్రాలు తగిలితే తగలనీ. చేపలమ్మి ఇంటికి నేనే వెళ్లి రమ్మన్నాను. ఆటో ఖర్చులు ఇవ్వబోతే తీసుకుంది, మొహమాటపడలేదు. ఒక షరతు కూడా పెట్టింది: చేపల బుట్టలు ముందు వైపు, దాణా బస్తాలు వెనక వైపు. ఒప్పుకున్నాను.

ఇప్పుడు పొద్దున్నే మొదటి ట్రిప్పుకు ఆమె ఎక్కగానే ఏమన్నా వాసన వస్తోందా అని అడగడం అలవాటైంది. ఆమె కూడా లాంఛనంగా బల్లకట్టు అంతా ఒకసారి తిరిగి వస్తుంది. మొన్న అలాగే తిరిగొచ్చి, బుట్ట నెత్తికెత్తుకుంటూ అంది: "బల్లకట్టు బాగానే ఉంది సావుకారూ. నువ్వే కొంచెం దూరంగా నిలబడు."