నా బీఏ, పిన్ని ఇరవై

నేను బీఏ. ఈ మాట ముందే చెప్పేస్తే నయం, ఎందుకంటే జరిగిందంతా దాని చలవే. ఆ డిగ్రీ లేకపోతే చేతిలో కాగితం పట్టుకుని ఎవరో ఒకరి గుమ్మం ఎక్కి, ఇదేంటో చూడండి అని అడిగేవాణ్ణి. ఉండబట్టి అడగలేదు. అడక్కుండానే చెప్పిన మనిషి మాట కూడా వినలేదు.

మాది రాజోలు దగ్గర లంక ఊరు. ఇటు మలికిపురం, సఖినేటిపల్లి, అటు మామిడికుదురు, ఎటు వెళ్లినా కువైట్ డబ్బుతో లేచిన డాబాలు కనిపిస్తాయి. మా వీధి మటుకు చెప్పాలంటే ఆ డబ్బు ఎక్కువగా ఆడవాళ్లు పంపిందే. మొగుళ్లు కొబ్బరి దింపులకీ, రొయ్యల చెరువుల కాపలాకీ పోతూంటే, వాళ్లు విమానాలెక్కి వెళ్లి ఎవరి పిల్లలకో పాలు పట్టి, ఎవరి ముసలాళ్లకో స్నానాలు చేయించి, ఇక్కడ స్లాబులు వేయించారు. పదో తరగతి దాకా వచ్చినవాళ్లు వాళ్లలో తక్కువ. నేనేమో కొబ్బరి కొట్లో గుమాస్తాని. సాయంత్రం అరుగు మీద కూచుంటే బ్యాంకు ఫారమో, పాస్‌పోర్టు దరఖాస్తో పట్టుకుని "బాబూ, కాస్త రాసిపెడుదూ" అంటూ వచ్చేవారు. రాసిపెట్టేవాణ్ణి. ఎక్కడ సంతకం చెయ్యాలో పెన్సిల్‌తో ఇంటూ మార్కు పెట్టి చూపించేవాణ్ణి. ఊళ్లో నా పరువంతా ఆ ఇంటూ మార్కు మీదే నిలబడి ఉండేది.

2015లో నాకూ కువైట్ గాలి సోకింది. కొట్లో జీతం పెరగలేదు, పిల్లల ఫీజులు పెరిగాయి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లి ఒక ఏజెంటు గారిని కలిశాను. టీ తెప్పించారు. "మీలాంటి చదువుకున్నోళ్లకి ఇంటి పనేంటండీ, మీకు ఆజాదు వీసా తీసిస్తాను" అన్నారు. ఆ "చదువుకున్నోళ్లకి" దగ్గరే నా లక్షన్నర సగం జేబులోంచి బయటికొచ్చేసింది.

ఆజాదు వీసా అని ఏ దేశపు చట్టంలోనూ లేదు. ఇది నాకు తర్వాత తెలిసింది. జరిగేదేంటంటే, అక్కడో కఫీలు, అంటే స్పాన్సరు, తన ఇంట్లో పనికి మనిషి కావాలని వీసా తీయించి, దాన్ని అమ్ముకుంటాడు. కాగితం మీద నువ్వు అతని పనోడివి. నిజానికి అతని మొహం కూడా చూడవు. బయట నీ పని నువ్వు వెతుక్కోవాలి, అకామా, అంటే అక్కడ ఉండే పర్మిట్టు, తిరగరాయించే వేళకి అతను అడిగినంత ఇచ్చుకోవాలి. కువైట్ లెక్కలో కంపెనీలో పనిచేసేవాడిది పద్దెనిమిదో ఆర్టికల్, ఇంట్లో పనిచేసేవాడిది ఇరవయ్యో ఆర్టికల్. ఇరవై మీద వెళ్లి కొట్లో కూచుంటే అది నేరం. దొరికితే విమానం ఎక్కించేస్తారు. మా తాతల కాలంలో కాకినాడ రేవులో రంగూన్ ఓడ ఎక్కేవాళ్లకి మేస్త్రీ ఎదురు అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్లి, తర్వాత కూలి డబ్బుల్లో కోసుకునేవాడట. నేను అంతకన్నా ముదురు. ఎదురు నేనే ఇచ్చాను.

వీసా కాగితం వచ్చిన రోజు వీధంతా చూపించుకుంటూ తిరిగాను. పక్కింటి పిన్ని వాకిట్లో చేపలు శుభ్రం చేస్తోంది. నా పెళ్లి కాకముందే కువైట్ వెళ్లి, మోకాళ్లు అరిగాక తిరిగొచ్చిన మనిషి. తెలుగులో సంతకం పెట్టడానికి ఇప్పటికీ అయిదు నిమిషాలు తీసుకుంటుంది. చెయ్యి కొంగుకి తుడుచుకుని కాగితం అందుకుంది. పైనుంచి కిందకి చదవలేదు. తిన్నగా ఒక చోటికెళ్లి వేలు పెట్టింది. అక్కడ అద్దంలో చూసిన ఏడులాంటి గీత ఒకటి, దాని పక్కన చిన్న చుక్క.

"ఒరే అబ్బాయ్, ఇది ఇంటి వీసారా. ఇరవై."

"ఇరవై ఎక్కడుంది పిన్నీ? అది ఫుల్‌స్టాపు."

"ఫుల్‌స్టాపో గిల్‌స్టాపో నాకు తెలీదు. వాళ్లకి సున్నా అంటే చుక్కే. పాల డబ్బా మీద ధర అలాగే ఉంటది, ఇంటి యజమానురాలు, మామా, రాసిచ్చే మందుల చీటీ మీద అలాగే ఉంటది. కొట్లో పనికైతే పద్దెనిమిది ఉండాల. నిన్ను వంటోడని రాశాడో, తోటమాలని రాశాడో. నీకు కాఫీ కలుపుకోడం కూడా రాదు కదరా!"

వీధి నవ్వింది. ఆ నవ్వు నాకు తగిలింది గానీ ఆ ఇరవై తగల్లేదు. "రూల్సు మారాయి పిన్నీ, ఇప్పుడన్నీ ఆన్‌లైను" అన్నాను. రూల్సు మారాయో లేదో నాకేం తెలుసు? ఆన్‌లైను అంటే ఆవిడ నోరు మూతపడుతుందని మాత్రం తెలుసు. మూతపడింది. కాగితం తిరిగిచ్చి మళ్లీ చేపల దగ్గర కూచుంది.

ఇంతకన్నా పెద్ద తెలివితక్కువ పని ఇంకోటుంది. దాని గురించి నేను మురిసిపోయాను కూడా. పదో తరగతి పాసవ్వని వాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. వాళ్లు కువైట్, సౌదీ, ఒమాన్ లాంటి 18 దేశాల్లో పనికి వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. ఒప్పందం చూస్తారు, జీతం చూస్తారు, బీమా అడుగుతారు. ఇంటి పనికి వెళ్లే ఆడమనిషికి ముప్పై ఏళ్లు నిండాలి. పిన్ని ఆ అనుమతి కోసం హైదరాబాద్ తిరిగిన రోజుల్లో ఆవిడ ఫారాలు రాసింది నేనే. అప్పుడు జాలిపడ్డాను కూడా, చదువు లేకపోతే ఎన్ని తిప్పలో అని. నా పాస్‌పోర్టులో ఆ ముద్ర లేదు. నన్ను ఎవ్వరూ ఆపలేదు, ఒప్పందం ఏదని అడగలేదు. శంషాబాద్‌లో కౌంటరు దాటుతుంటే దొరబాబులా అనిపించింది. చదువుకున్నవాడు తన మంచిచెడ్డలు తను చూసుకుంటాడని చట్టం నమ్మింది పాపం. నా విషయంలో అది పొరపాటు పడింది. ఆ ముద్ర నా పాస్‌పోర్టు మీద ఉండి ఉంటే, ఒప్పందంలో వంటోడని రాసి ఉన్న సంగతి హైదరాబాద్‌లో ఏ గుమాస్తా అయినా కనిపెట్టేవాడేమో.

వంటోడనే రాశారు మరి. అక్కడ దిగాక ఒక మలయాళీ చదివి చెప్పాడు.

కువైట్‌లో నా వైభవం గురించి ఎక్కువ చెప్పుకోవడానికేం లేదు. జిలీబ్‌లో ఒక గదిలో పడక, ఒక బకాలాలో, అంటే కిరాణా కొట్లో, లెక్కలు రాసే పని. తనిఖీ వస్తోందంటే వెనక గుమ్మంలోంచి బియ్యం బస్తాల గదిలోకి. రాజోలులో కొబ్బరికాయలు లెక్కపెట్టినవాణ్ణి అక్కడ కోడిగుడ్ల అట్టలు లెక్కపెట్టాను. శుక్రవారాలు మనవాళ్లు చేరే మాలియా వెళితే మాత్రం ప్రాణం లేచొచ్చేది. అక్కడ "ఏవండోయ్" అన్న పిలుపు వినపడేది. కఫీలు రెండోసారి అకామాకి అడిగిన రేటు నేను కట్టలేకపోయాను. ఆ తర్వాత అతని ఫోను పలకలేదు. ఆ రోజుల్లో అకామా లేకుండా ఉంటే రోజుకి రెండు దినార్ల జరిమానా, గరిష్ఠం 600 దినార్లు. అప్పట్లో దినారు రెండొందల రూపాయల పైమాటే. రాత్రిళ్లు పడుకుని ఆ గుణకారం చేసుకునేవాణ్ణి. లెక్కల్లో నేనెప్పుడూ తప్పు చెయ్యలేదు.

2018 జనవరి 29న కువైట్ ఆమ్నెస్టీ పెట్టింది, తర్వాత పొడిగించింది. అకామా లేనివాళ్లు జరిమానా లేకుండా వెళ్లిపోవచ్చన్నారు. ఇంటికి పోవడానికిచ్చే ఔట్‌పాస్ కోసం మన ఎంబసీ దగ్గర నిలబడితే వరసంతా మన గోదావరి, కడప యాసలే. ఇళ్లలోంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్లు చాలామంది. వాళ్ల పాస్‌పోర్టులు బాబా, అంటే ఇంటి యజమాని, దగ్గరే ఉండిపోయాయి. ఒకావిడ ముంజేతి మీద ఇస్త్రీ పెట్టె కాల్చిన మచ్చ ఉంది. ఇంటి వీసా మీద వెళ్లడం సుఖమని నేననడం లేదు. 2015లో కువైట్ ఇంటి పనివాళ్లకి చట్టం చేసింది, వారానికో రోజు సెలవు, రోజుకి పన్నెండు గంటలకు మించకుండా పని, మరుసటి ఏడు కనీస జీతం 60 దినార్లని తేల్చింది. ఇవన్నీ ఆ వరసలో నిలబడ్డవాళ్లు నాకు చెప్పినవే. అందులో ఏవి అమలవుతాయో, ఏవి కావో కూడా వాళ్లే చెప్పారు. ఇక్కడ ఈసీఆర్ అడ్డం వస్తుందని విజిట్ వీసా మీద దుబాయ్ పంపి, అక్కణ్నుంచి దాటించిన సంగతులూ చెప్పారు. వింటూ వాళ్ల ఫారాలు నింపాను. ఎక్కడ సంతకం చెయ్యాలో ఇంటూ మార్కు పెట్టాను. నా ఫారం మాత్రం తప్పు నింపానని కిటికీలోంచి వెనక్కి వచ్చింది.

ఊరొచ్చాక పిన్ని కంటపడకుండా కొన్నాళ్లు దొడ్డిదారిన తిరిగాను. మా వీధిలో దొడ్డిదారి కూడా ఆవిడ వాకిలి ముందునుంచే. ఒకరోజు ఎదురుపడి, తాపీగా అడిగింది: "ఏరా, అక్కడ ఎన్ని ఫుల్‌స్టాపులు చూశావేంటి?"

అంతటితో నాకు బుద్ధి వచ్చిందని రాస్తే బాగుండేది.

మొన్న మా మేనల్లుడు జపాన్ అన్నాడు. రొయ్యల చెరువుల దగ్గర పనిచేసేవాడు. 2025లో అమెరికా సుంకాలు 50 శాతం చేశాక చెరువులాయన సగంమందిని మానిపించేశాడు. జపాన్‌లో పొలం పనికి మనుషులు కావాలట, ఒక ఏజెంటు కాగితం ఇచ్చాడు, మావాడు దాన్ని నన్ను చూడమన్నాడు. చూశాను. ఈసారి తెలివిగా ఉండాలని రాత్రంతా ఫోన్లో చదివాను. జపాన్‌లో జనం ముసలాళ్లవుతున్నారని, అందుకని 2019లో నైపుణ్యం ఉన్నవాళ్లకి కొత్త వీసా తెచ్చారని, 2021లో మన దేశంతో ఒప్పందం చేసుకున్నారని, జపనీస్ భాషలో ఎన్4 దాకా రావాలని, పని పరీక్ష వేరే ఉంటుందని, అయిదేళ్లు ఉండొచ్చని, పెళ్లాం పిల్లల్ని తీసుకెళ్లడానికి లేదని, అన్నీ ఒక తెల్లకాగితం మీద రాసుకున్నాను. తెల్లారి పిన్ని అరుగు మీద కూచుని మేనల్లుడికి ధారాళంగా వినిపించాను. నిజానికి ఆవిడకి వినిపించాలనే.

పిన్ని చివరిదాకా విని, "కఫీలు మంచోడు కాకపోతే ఇంకోడి దగ్గరికి మారొచ్చా?" అంది.

నా తెల్లకాగితంలో అది లేదు.

మళ్లీ ఫోను తీసి కూచున్నాను. అప్పుడు బయటపడింది, జపాన్‌కి దార్లు రెండున్నాయి. నేను చదివిన వీసా మీద వెళ్లినవాడు అదే రంగంలో ఇంకో యజమాని దగ్గరికి మారొచ్చు. రెండోది టెక్నికల్ ఇంటర్న్ అని, పని నేర్చుకోవడానికని చెప్పి తీసుకెళ్లేది. మన దేశం దాని మీద 2017లో సంతకం చేసింది. ఇందులో వెళ్లినవాడు తన ఇష్టానికి యజమానిని మార్చుకోవడానికి లేదు. దీని మీద అక్కడే గొడవలై, ఆ పద్ధతి తీసేసి 2027లో కొత్తది పెడుతున్నారు. మావాడి కాగితం చూస్తే రెండోదే. నేను రాత్రంతా చదివింది మొదటిదాని గురించి. ఏజెంటుకి ఫోన్ చేస్తే "రెండూ ఒకటేనండీ, అన్నీ జపానే కదా" అన్నాడు. రిజిస్ట్రేషన్ నంబరు చెప్పండి, ప్రభుత్వ సైటు ఈమైగ్రేట్‌లో చూసుకుంటాం అంటే తను సబ్‌ఏజెంటునన్నాడు. సబ్‌ఏజెంటు అనేవాణ్ణి చట్టం గుర్తించదు. రిజిస్టరైన ఏజెంటైనా జీఎస్టీ కాకుండా 30,000 రూపాయలకి మించి తీసుకోకూడదు, ఇతను అడిగింది మూడు లక్షలు. జపాన్ ఆ 18 దేశాల జాబితాలో లేదు, కాబట్టి పదో తరగతి తప్పినవాడు వెళ్లినా ఆపి ఒప్పందం చూసే కిటికీ లేదు. మా వీధికి ఉన్న కిటికీ పిన్ని ఒక్కతే.

మేనల్లుడు కాగితం వెనక్కి ఇచ్చేశాడు. ఇప్పుడు ఫోన్లో వీడియోలు పెట్టుకుని జపాన్ అక్షరాలు దిద్దుతున్నాడు. అడ్వాన్సుగా కట్టిన పదివేలు మాత్రం ఇంకా రాలేదు. నోటీసు రాసిపెట్టమని నన్నే అడిగారు. పెన్ను తీసి, తెలుగులో రాయాలా ఇంగ్లీషులో రాయాలా అని ఆలోచిస్తుంటే, పిన్ని పక్కనుంచి అంది: "ఇంగ్లీషులో రాయరా. వాడికీ అర్థం కాదు, భయపడి ఇచ్చేస్తాడు."