లిఫ్టు పక్క నోటీసుకు టీకా తాత్పర్యములు

మూలము

"ప్రియమైన నివాసులారా! ఈ శనివారం రాత్రి 8.30 నుండి 9.30 వరకు ఎర్త్ అవర్ సందర్భంగా అందరూ తమ తమ ఫ్లాట్లలో అనవసరమైన లైట్లు ఆర్పి భూమాతను కాపాడగలరు. లిఫ్టులు యథావిధిగా పనిచేయును. క్లబ్‌హౌస్ ముందు కొవ్వొత్తుల కార్యక్రమం, అనంతరం డిన్నర్ కలదు. ఇట్లు, అసోసియేషన్."

అవతారిక

ఇది గద్యం. కర్త అసోసియేషన్. సంతకం లేదు, గుండ్రటి రబ్బరు స్టాంపు మాత్రం ఉంది. రచనాస్థలం హైదరాబాదులో రెండు వందల ఫ్లాట్ల సముదాయం, అందులో బి బ్లాకు లిఫ్టు పక్క గోడ. పైన కుక్కల యజమానులకు హెచ్చరిక, కింద మెయింటెనెన్సు బాకీదారుల జాబితా, నడుమ భూగోళ రక్షణ.

పూర్వకథ తెలియనిదే మూలం బోధపడదు. 2007 మార్చి 31న ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో ప్రకృతి పరిరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ పిలుపు విని జనం రాత్రి ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా దీపాలు ఆర్పారు. ఇరవై రెండు లక్షల మంది ఆర్పారని నిర్వాహకుల లెక్క. ఆ గంటే ఎర్త్ అవర్. మరుసటి ఏడాది అది దేశాలు దాటింది, 2009లో మన దేశానికీ వచ్చింది. ఇప్పుడు మార్చి నెలాఖరు శనివారాల్లో చార్మినారుకూ, హుస్సేన్‌సాగర్ బుద్ధుడికీ ఒక గంట చీకటి రాసిపెట్టి ఉంటోంది. ఆ వార్త పేపర్లో చదివి కర్త ఈ రచనకు పూనుకున్నాడని ఊహ.

ప్రతిపదార్థము

ప్రియమైన నివాసులారా = మెయింటెనెన్సు కట్టినవారును, కట్టనివారును అగు ఓ ఫ్లాటువాసులారా!; ఈ శనివారం రాత్రి = రాబోవు శనివారము నాటి రాత్రియందు; 8.30 నుండి 9.30 వరకు = ఐపీఎల్ నడుచు రోజులలో మొదటి ఇన్నింగ్సు చివరి ఓవర్లు పడు వేళ; అందరూ = ఊరు వెళ్లినవారు తప్ప తక్కినవారెల్లరును; తమ తమ ఫ్లాట్లలో = ఎవరింట వారు; అనవసరమైన = అవసరము లేనట్టి; లైట్లు = దీపములను (ఏసీ, టీవీ, గీజరు ఈ పదములో చేరవు); ఆర్పి = స్విచ్చి నొక్కి; భూమాతను = భూదేవిని; కాపాడగలరు = రక్షింతురు గాక!

తాత్పర్యము

ఓ ఫ్లాటువాసులారా! ఏసీ వేసుకొని, టీవీ పెట్టుకొని, దీపములు మాత్రము ఆర్పుడు. భూమి బాగుపడును.

విశేషములు

ఆర్పి: ఇది క్త్వార్థకం. ఒకే కర్త చేసే రెండు పనుల్లో ఏది ముందో చెప్పడం దీని పని. ముందువెనుకలు చెబుతుందే గాని, ముందుది వెనుకదానికి కారణమని చెప్పదు. "రాముడు స్నానం చేసి ఆఫీసుకు వెళ్లాడు" అంటే స్నానం అతణ్ణి ఆఫీసుకు మోసుకుపోయిందని కాదు. లైట్లు ఆర్పడం మొదటి పని, భూమాతను కాపాడడం రెండోది. మొదటిది చేస్తే రెండోది జరుగుతుందని నోటీసులో ఎక్కడా లేదు, మనమే అలా చదువుకుంటున్నాం. ఎర్త్ అవర్ నిర్వాహకులు సైతం ఇది కరెంటు ఆదా చేసే కార్యక్రమం కాదనీ, ఒక సంకేతమనీ చెబుతూనే ఉన్నారు. మన కర్త వారికంటే ఉత్సాహవంతుడు.

తమ తమ: ఆమ్రేడితం. భారమంతా ఈ జంట పదాల మీదే ఉంది. పెద్ద సమస్యను ఇంటింటికీ చిల్లర చేసి పంచడం కొత్త విద్య కాదు. చమురు కంపెనీ బీపీ 2000ల తొలి ఏళ్లలో ఎవరి కర్బన పాదముద్ర ఎంతో వారే లెక్కపెట్టుకోండని ప్రకటనలు గుప్పించింది. తవ్వి అమ్మేవాడు కొనేవాడి పాదాలు కొలవమన్నాడన్నమాట. అసోసియేషన్‌కు అంత దురుద్దేశం ఉందని టీకాకారుడు అనడు. కానీ సముదాయం నెత్తిన రాత్రంతా రంగులు మారే ఎలివేషన్ లైట్లూ, ఎవరూ చూడని ఫౌంటెనూ "తమ తమ ఫ్లాట్లలో" లేవు. కాబట్టి విధి వాటికి వర్తించదు.

అనవసరమైన: మూలంలో ప్రాణపదం ఇదే. ఈ విశేషణానికి రెండు ప్రయోజనాలు చెప్పవచ్చు. అనవసరమైనవి ఆర్పండి అనడంలో, అవసరమైనవి ఉంచుకోవచ్చునన్న అనుమతి మొదటిది. అవి ఇంతకాలం అనవసరంగానే వెలుగుతున్నాయన్న ఒప్పుకోలు రెండోది. రెండోదే ధ్వని. ఏడాదికి 8,760 గంటలు. అందులో ఒక్క గంట అనవసరమైనవి మిగిలిన 8,759 గంటలు ఎలా అవసరమయ్యాయని మూడో అంతస్తు వ్యాఖ్యాత ఆక్షేపణ. ఆయన పూర్వాశ్రమంలో ఆడిటరు. దీనికి అసోసియేషన్ గ్రూపులో సమాధానం రాలేదు, ఒక బొటనవేలి బొమ్మ మాత్రం వచ్చింది.

లైట్లు: ఇంటికి పది ఎల్‌ఈడీలు, ఒక్కొక్కటి తొమ్మిది వాట్లు అనుకుందాం. అన్నీ గంటసేపు ఆర్పితే యూనిట్‌లో పదో వంతు కూడా మిగలదు. మన గ్రిడ్‌లో దాదాపు ముప్పాతిక వంతు కరెంటు బొగ్గు నుంచే వస్తుంది కాబట్టి యూనిట్‌కు సగటున 700 గ్రాములకు కాస్త పైగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. రెండు వందల ఫ్లాట్లూ మాట వింటే పద్దెనిమిది యూనిట్లు, పదమూడు కిలోల వాయువు. ఒకటిన్నర టన్నుల ఏసీ కంప్రెసర్ ఆగకుండా నడిస్తే గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్ ఖర్చు. అంటే పన్నెండు పడకగదుల్లో ఆ గంట ఏసీ ఆపితే చాలు, రెండు వందల ఫ్లాట్లు చీకట్లో కూర్చున్న ఫలం దక్కుతుంది. పన్నెండు మంది దొరకరని తెలిసే కర్త రెండు వందల మందిని అడిగాడని కొందరు.

లైటు ఇంత అల్పజీవి ఎందుకయింది? ఒకప్పుడు అరవై వాట్ల బల్బు చేసిన పనిని ఇప్పుడు తొమ్మిది వాట్లది చేస్తోంది. 2015 జనవరి 5న మొదలైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంచారు. 2014లో ఒక్కో బల్బుకు 310 రూపాయలున్న టోకు కొనుగోలు ధర రెండేళ్లలో 38 రూపాయలకు దిగింది. పాత బల్బు ఇచ్చి కొత్తది తెచ్చుకున్న గృహిణి భూమాత పేరైనా ఎత్తలేదు, బిల్లు తగ్గుతుందని తెచ్చుకుంది. ఆ బల్బు ఆమె మరిచిపోయాక కూడా రోజూ ఆదా చేస్తూనే ఉంది. నోటీసు గుర్తున్నంతసేపే పనిచేసే గంటకూ దీనికీ పోలిక కుదరదు.

అలంకారము: ఇక్కడ వ్యాఖ్యాతలు చీలిపోయారు. కారణం పుష్కలంగా ఉండి కూడా కార్యం పుట్టకపోతే విశేషోక్తి. కారణం ఒకచోట, కార్యం మరొకచోట ఉంటే అసంగతి. మూడో అంతస్తు వారిది విశేషోక్తి పక్షం: ఇక్కడ దీపాలెన్ని ఆర్పినా అక్కడ రామగుండంలో పొగగొట్టం పొగ మానదు. థర్మల్ కేంద్రపు బాయిలరుకు మన గోడ మీది స్విచ్చి లాంటిది ఉండదు. సగం సామర్థ్యానికి దించడానికే ఆపసోపాలు పడతారు, పూర్తిగా చల్లారిస్తే మళ్లీ రాజేయడానికి గంటలు పడుతుంది. గంటసేపు చీకటి కోసం ఎవరూ ఆ పని చేయరు.

నాలుగో అంతస్తులో ఉన్న విశ్రాంత విద్యుత్ ఇంజనీరుగారు దీన్ని ఖండించారు. కరెంటు గోదాములో దాచే సరుకు కాదు. వాడకం తగ్గిన క్షణమే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి పైకి లేస్తుంది, ఎక్కడో ఒక టర్బైను ఉత్పత్తి తగ్గించుకుంటుంది. కాబట్టి ఇది అసంగతే అన్నారు. ప్రమాణంగా 2020 ఏప్రిల్ 5 రాత్రిని చూపారు. లాక్‌డౌన్‌లో ప్రధాని మాట మీద దేశమంతా తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పి ప్రమిదలు వెలిగించిన రాత్రి అది. వాతావరణంతో దానికి సంబంధం లేదు గాని, స్విచ్చికీ టర్బైనుకూ ఉన్న బంధానికి అంతకంటే పెద్ద ఉదాహరణ మన దేశంలో లేదు. గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ వారు 12 నుంచి 14 వేల మెగావాట్లు తగ్గుతుందనుకున్నారు. తగ్గింది 31,089 మెగావాట్లు! ఫ్రీక్వెన్సీ 49.70 నుంచి 50.26 దాకా ఊగింది. గ్రిడ్ కూలలేదంటే ఎక్కువగా జలవిద్యుత్ కేంద్రాల పుణ్యమే. ఆ కాస్సేపట్లో అవి 17,543 మెగావాట్లు దించుకున్నాయి. ఆ కథ చెబుతున్నప్పుడు ఇంజనీరుగారి గొంతులో పాత డ్యూటీ రాత్రుల గర్వం పలికింది. ఆ రాత్రికి ఆయన రిటైరయి చాలా ఏళ్లయినా సరే.

దొరికారు, అన్నారు మూడో అంతస్తు వారు. తగ్గినదాంట్లో ఎక్కువ భాగం నీరే గాని బొగ్గు కాదుగా! ఆగిన నీరు ఎక్కడికి పోతుంది, మర్నాటి సాయంత్రం అదే నీరు టర్బైను తిప్పితే ఆ మేరకు బొగ్గు మిగలదా, అన్నారు ఇంజనీరుగారు. కారణం శనివారం, కార్యం ఆదివారం. చోటే కాదు, కాలమూ మారిన అసంగతి. ఇది మంచి సమాధానమే. అయితే పరిమాణం మాటేమిటి? పది దేశాల్లో ఆరేళ్ల ఎర్త్ అవర్ కొలతలు 274 సేకరించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో ఆ గంట వాడకం తగ్గింది సగటున నాలుగు శాతం. ఏటా ఒక గంట, అందులో నాలుగు శాతం. అలంకారం అసంగతే అని టీకాకారుడి నిర్ణయం. కాకపోతే అందులో పడిన బంగారం గురిగింజ ఎత్తు.

వస్త్ర ప్రకరణము: ఇలాంటి సంకేతాల ప్రసంగవశాత్తు రెండు వస్త్రాలను పరిశీలించాలి. 1977 ఫిబ్రవరి 2న అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఊలు స్వెట్టరు తొడుక్కొని టీవీలో కనిపించి, ఇళ్లలో హీటరు పగలు 65 డిగ్రీల ఫారన్‌హీట్‌కు దించుకోండని ప్రజలను కోరాడు. 1979లో శ్వేతసౌధం కప్పు మీద 32 సౌరఫలకాలు పెట్టించాడు. స్వెట్టరును జనం వేళాకోళం చేశారు. ఫలకాలను 1986లో, రీగన్ హయాంలో దించేశారు.

రెండోది టై. అది తొడుక్కోవడం కాదు, విప్పడం. 2005లో జపాన్ పర్యావరణ మంత్రి యురికో కొయికె కూల్ బిజ్ అనే ఉద్యమం మొదలుపెట్టి, వేసవిలో ఆఫీసు ఏసీలు 28 డిగ్రీల వద్ద ఉంచండి, టై కోటు మానేయండి అన్నారు. చూడటానికి ఇదీ ఒక చేష్టే. ఆ మొదటి వేసవిలోనే 4,60,000 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గిందని ఆ శాఖ అంచనా. తేడా ఎక్కడుంది? కార్టర్ హీటరు దించుకోమని ఒక్కొక్కరినీ బతిమాలాడు. కొయికె టై లేకుండా ఆఫీసుకు రావడం మర్యాదే అన్నారు, దాంతో మర్యాద మారింది. ఉక్కపోత భరిస్తూ కోటు తొడుక్కోవలసిన అగత్యం ఒకసారి పోయాక, మళ్లీ తొడుక్కోండని ఎవరు చెప్పినా వింటారా?

మన దేశంలో దీని చిన్న తమ్ముడు ఉన్నాడు. 2020 జనవరి 1 నుంచి స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలు ఫ్యాక్టరీ నుంచే 24 డిగ్రీల మీద వస్తున్నాయి. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం కరెంటు ఆదా అని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క. రిమోట్ చేతికి రాగానే 18 కొట్టి ఆపైన రజాయి కప్పుకునే వీరులు మన బ్లాకులోనూ ఉన్నారు. అయినా రిమోట్ జోలికి పోనివాళ్లే ఎక్కువని ఆ నియమం నమ్మకం. సోమరితనాన్ని భూమాత పక్షాన నిలబెట్టిన మొదటి నియమం కావచ్చు ఇది.

లిఫ్టులు యథావిధిగా పనిచేయును: ఏ విధి? ఈ వాక్యం వృద్ధుల కోసమని కొందరు, క్లబ్‌హౌస్‌లో డిన్నర్‌కు దిగి రావలసిన వారి కోసమని కొందరు. రెండూ సరే. టీకాకారుడి దృష్టి మీటరు మీద ఉంది. లిఫ్టు, నీళ్ల మోటారు, సెల్లారు లైట్లు కామన్ మీటరువి, అంటే మూలకర్త సొంత మీటరువి. ఫ్లాట్లలో స్విచ్చిలు నొక్కమని బతిమాలడమే గాని, ఆ మీటరు గురించి ఆయన ఒక్క అక్షరం రాయలేదు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో, నివాస సంఘాలు ఉమ్మడి అవసరాలకు కప్పు మీద సౌరఫలకాలు పెట్టుకుంటే కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఒక కిలోవాట్ ఫలకాలు ఎండ బాగున్న రోజున నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి. శనివారం గంటలో రెండు వందల ఫ్లాట్లు కలిసి కూడబెట్టే పద్దెనిమిది యూనిట్లను ఐదు కిలోవాట్ల ఫలకాలు ఎండ బాగున్న ప్రతి రోజూ ఎవరినీ అడగకుండా ఇస్తాయి.

ఈ సంగతి ఎజెండాలోకి రాకపోలేదు. టెర్రస్ మీద హక్కు పై అంతస్తు వారిదా, అందరిదా అన్న మీమాంస దగ్గర ఆగింది. పై అంతస్తు వారు ఊరగాయ జాడీలకు ఎండ తగలదన్నారు. కింది అంతస్తు వారు తమ ఇంట్లోకి రాని వెలుతురుకు తామెందుకు చందా కట్టాలన్నారు. కోరం లేక సభ వాయిదా పడింది. ఎర్త్ అవర్‌కు కోరం అక్కర్లేదు. ప్రతీకలకు ఉన్న గొప్ప సౌలభ్యం ఇది.

కొవ్వొత్తుల కార్యక్రమం: కొవ్వొత్తి మైనం పెట్రోలియం బిడ్డ. మామూలు కొవ్వొత్తి గంటకు ఐదారు గ్రాముల మైనం కాల్చి, దాదాపు మూడింతల బరువు వాయువు వదులుతుంది. ఆర్పేసిన తొమ్మిది వాట్ల బల్బు వెలిగి ఉంటే ఆ గంటలో కారణమయ్యేది ఆరేడు గ్రాములకే. అంటే బల్బు ఆర్పి కొవ్వొత్తి వెలిగించినవాడు రెండున్నర బల్బులు వెలిగించినట్టు లెక్క, ఆ వెలుగులో చిన్న అక్షరాలు కూడా కనిపించవు. "నువ్వుల నూనె దీపములు" అని పాఠాంతరం ఉంటే దోషం పోయేది. నువ్వుచేను గాలిలోంచి తీసుకున్నదే దీపం తిరిగి గాలికిస్తుంది. అయితే పిల్లలకు చీకట్లో కొవ్వొత్తి పట్టుకుని నిలబడడం ఇష్టం, వారి తల్లిదండ్రులకు వారి ఫొటోలు ఇష్టం. ఈ రెండు ఇష్టాలూ మంచివే, వాటికి భూమాత పూచీకత్తు అవసరం లేదు.

అనంతరం డిన్నర్ కలదు: స్పష్టము.