జనవరి చదువు

మా అక్క కూతురు అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్ కాలేజీలో చదువుతోంది. అక్కడ జనవరి నెల ‘వింటర్ టర్మ్’. ఎవరికి నచ్చిన పని వాళ్లు ఎంచుకుని చెయ్యాలి. మార్కులుండవు. చేశావా లేదా, అంతే. అలాంటివి కొన్ని పూర్తిచేస్తే గాని డిగ్రీ చేతికి రాదు.

మొన్నటి జనవరికి పిల్ల ఎంచుకున్న పని, తెనాలి దగ్గర మా ఊళ్లో అమ్మమ్మ దగ్గరుండి అరిసెలు నేర్చుకోవడం. “అరిసెలొస్తే డిగ్రీ ఇచ్చేస్తారట” అని ఆఫీసులో చెప్పి అందర్నీ నవ్వించాను.

భోగి నాడు నేను వెళ్లేసరికి ఇద్దరూ పొయ్యి దగ్గరున్నారు. రాత్రి నానబోసిన బియ్యాన్ని తడి ఆరకుండా పిండి పట్టించారు. సత్తు గిన్నెలో బెల్లం పాకం ఉడుకుతోంది. అమ్మ ఓ చుక్క నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ కట్టి చూపించింది. “ఇలా మెత్తగా ఉండాలి. పళ్లేనికేసి కొడితే టంగుమందా, అరిసెలు రాళ్లే.” పిల్ల పుస్తకంలో ‘టంగు’ అని రాసుకుంది.

“అమ్మమ్మా, ఈ సత్తు చవకైంది మా ఊరివాడి వల్లే తెలుసా? చార్లెస్ మార్టిన్ హాల్ అని, మా కాలేజీలోనే చదివాడు. చదువై ఏడాదైనా కాలేదు, 22 ఏళ్లు. 1886లో ఇంటి వెనక కట్టెల కొట్టంలో కూర్చుని కరెంటుతో అల్యూమినియం తీశాడు.”

“జనవరిలోనా?”

“కాదు, ఫిబ్రవరిలో.”

“పాపం, నెల ఆలస్యమైంది” అంది అమ్మ.

కనుమ మర్నాడు నేను హైదరాబాద్ వచ్చేశాను. సెలవు లేదు మరి.

నెలాఖరున పిల్లని శంషాబాద్‌లో విమానం ఎక్కించడానికి కారేసుకుని ఊరికి వెళ్లాను. నేర్పినవాళ్ల అభిప్రాయం కూడా పట్టుకెళ్లాలనుకుందట. “మావయ్యా, నేనడిగితే అమ్మమ్మ మొహమాటపడుతుంది, నువ్వడుగు” అని ప్రశ్నలు నా ఫోనుకి పంపి పెట్టె సర్దుకోవడానికి వెళ్లింది.

“మీ విద్యార్థిలో మీకు నచ్చిందేమిటి?”

“చెప్పింది వింది.”

“అరిసెల గురించేనా?”

“అరిసెలెంతసేపురా, నాలుగు రోజులు! మిగతా రోజులన్నీ మీ నాన్న గురించీ, డెబ్భై ఏడు ఉప్పెన గురించీ, నా పెళ్లి గురించీ అడిగింది. నేను చెబుతున్నంతసేపూ ఫోను చూసుకోలేదు. అది కూడా రాయి.”

ఆ మధ్యలో ఆఫీసు నుంచి వచ్చిన మెసేజీకి జవాబు కొడుతున్నాను. ఆపేశాను.

“ఇంకా రావలసిందేమైనా ఉందా?”

“అరిసె గుండ్రంగా తట్టడం రాలేదు. వస్తుందిలే.”

“ఆఖరిది. వచ్చే జనవరికి ఇంకో విద్యార్థిని చేర్చుకుంటారా?”

అమ్మ అరిసెల డబ్బా మూత బిగించి నా చేతిలో పెట్టింది.

“సీటైతే ఖాళీయేరా. నువ్వు చేరతావా?”