ధరావతు లేని పాట

మా గ్యారేజీలో కారు పెట్టి ఆరేళ్లు దాటింది. ప్రస్తుతం అందులో పదకొండు చైన్‌సాలు కాపురం ఉంటున్నాయి. వాటిలో నాలుగు నడుస్తాయి. ఆ నాలుగింటిలో ఒకటి మొదలుపెడితే ఆగదు. కారేమో బయట నిలబడి, ఏటా వసంతంలో పైన్ చెట్ల పుప్పొడి మీదపడి, నలుగు పెట్టిన పెళ్లికొడుకులా పచ్చగా మెరుస్తూ ఉంటుంది.

‘రంపపు కోత’ అనే మాటని కాపురాల గురించి చాలామంది వాడతారు. మా ఆవిడ మాత్రం రుజువులతో సహా వాడుతుంది.

మా నాన్నకి ఈ సంగతి చాలాకాలం చెప్పలేదు. ఒకరోజు వీడియో కాల్‌లో వెనకాల గోడకి వేలాడుతున్న సామగ్రి చూసేశారు.

“ఒరే, నిన్ను ఇంజినీరింగు చదివించింది అమెరికా వెళ్లి కట్టెలు కొట్టడానికా?”

“కొట్టట్లేదు నాన్నా, అమ్ముతున్నా.”

“కట్టెలా?”

“కాదు, రంపాలు.”

ఆయన ఇంకేం మాట్లాడకుండా ఫోను అమ్మకిచ్చేశారు.

మేముండేది నార్త్ కరోలినాలో, క్యారీ అనే ఊళ్లో. ఇక్కడ ఇంటికి నాలుగు లాబ్లాలీ పైన్లు ఉంటాయి. తాటిచెట్టంత ఎత్తు పెరుగుతాయి, బుద్ధి మాత్రం ఉండదు, గాలి ఎటు తోస్తే అటు పడతాయి. 2018 సెప్టెంబరులో ఫ్లోరెన్స్ తుపానుకి ఒకటి మా కంచె మీద పడింది. కోసి తీసుకెళ్లడానికి వచ్చినవాడు 1,400 డాలర్లు అడిగాడు. పక్క వీధిలో పాత సామాన్ల అమ్మకంలో ఒక చైన్‌సా 60 డాలర్లకి దొరికింది. 1,340 మిగిలాయని మా ఆవిడకి లెక్క చెప్పాను. ఆ లెక్క తప్పని ఆమె అప్పుడే అంది. నేను ఇప్పుడు అంటున్నాను. మా ఇద్దరికీ మధ్య తేడా ఆరేళ్లూ, పదకొండు రంపాలూ.

“చివరిసారి వాడినప్పుడు బాగానే నడిచింది” అని చెప్పి అమ్మాడు ఆ పెద్దాయన. పాత రంపాల వ్యాపారం మొత్తం ఈ ఒక్క వాక్యం మీద నడుస్తుంది. అబద్ధం కాదు. ఆ చివరిసారి ఎప్పుడో మనం అడగం, ఆయన చెప్పడు. ఇంటికి తెచ్చి తాడు లాగాను. లాగాను. భుజం పట్టేసింది గానీ అది కిక్కురుమనలేదు. తర్వాత తెలిసింది, ఇక్కడి పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ కలుస్తుంది, అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది, పెట్రోలు ట్యాంకులోనే నెలల తరబడి ఉంటే జిగురై కూర్చుంటుంది. కార్బ్యురేటర్ విప్పి చూస్తే లోపల ఉండాల్సిన మెత్తటి రబ్బరు పొర ఎండలో మరిచిపోయిన అప్పడంలా బిగుసుకుపోయి ఉంది. పన్నెండు డాలర్ల సరంజామా తెప్పించి మార్చాను. యాభై వంతుల పెట్రోలుకి ఒక వంతు ఆయిలు కలిపి పోశాను. చోక్ లాగి తాడు గుంజితే నాలుగోసారి ‘ఫట్’ అని దగ్గింది. చోక్ సగానికి నెట్టి మళ్లీ గుంజాను. గ్యారేజీ అంతా నీలం పొగ, గోడలదిరే చప్పుడు, నా చేతుల్లో మొండికేసే మేకపిల్లలాంటి ఒణుకు.

ఆ క్షణంలోనే నేను చెడిపోయాను.

చచ్చినవాటిని కొని బతికించి ఆన్‌లైన్ వేలంలో అమ్మడం పెద్ద వ్యాపారంలా కనబడింది. ఎంత పెద్దదంటే, మొదటి ప్రకటనలో రంపాల చరిత్ర కూడా రాశాను. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఇద్దరు స్కాట్లండు డాక్టర్లు కాన్పు కష్టమైనప్పుడు ఎముక కోయడానికి గొలుసు రంపం వాడారనీ, 1946లో ఆరిగాన్‌లో జో కాక్స్ అనే ఆయన మొద్దుని తొలిచే ఒక పురుగు పిల్ల దవడలు ఎలా కదులుతున్నాయో చూసి ఇప్పటి గొలుసు పళ్లకి రూపం ఇచ్చాడనీ. ఆ ప్రకటనకి ఒక్కడూ పాట పాడలేదు. కాన్పుల సంగతి చదివాక ఎవరికి రంపం కొనబుద్ధేస్తుంది? పురుగు సంగతి మటుకు నాకిప్పటికీ ఇష్టం. గొలుసుకి ఆకురాయి పెట్టినప్పుడల్లా ఒక్కో పన్నులో ఆ దవడ కనిపిస్తుంది. అటూ ఇటూ వంగి రెండు పక్కలా గీకుతూ పోతుంది. మా అత్తగారు వక్క కొరికినట్టు.

చరిత్ర తీసేసి “చివరిసారి వాడినప్పుడు బాగానే నడిచింది” అని పెట్టాను. సాయంత్రానికి ఆరుగురు పాడారు.

గెలిచినవాడు డబ్బు కట్టలేదు.

ఇది మింగుడుపడటానికి నాకు కొంత టైము పట్టింది. ఎందుకంటే వేలంపాట అంటే నాకు తెలిసింది మా ఊరి చెరువులో చేపల పాట. చావడి అరుగు మీద గుమస్తా నిలబడి “సర్కారువారి పాట వెయ్యి రూపాయలు” అని మొదలెట్టేవాడు. నోరు తెరవాలంటే ముందు ధరావతు కట్టాలి. కట్టనివాడు ఎంత మోతుబరి అయినా ప్రేక్షకుడే. మా తాత ఏటా ధరావతు కట్టి, ఒక్కసారీ నోరు తెరవకుండా, సాయంత్రం తన డబ్బు తాను తిరిగి తెచ్చుకునేవాడు. పాడగలిగీ పాడకపోవడంలో ఉన్న దర్జా అది. ఒకసారి ఒకాయన ఊపులో హెచ్చుపాట పాడేసి, మర్నాడు ధరావతు వదులుకుని పక్క ఊరికి జారుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఎంత బతికినా, ఏం చేసినా ఊరికి ‘పాటలాయన’గానే మిగిలాడు. కొన్నేళ్లపాటు ఆయనకి సంగీతం వచ్చనుకున్నాను నేను.

ఆన్‌లైన్‌లో ధరావతు లేదు. పేరు కూడా లేదు. ఒక చేప పేరు, పక్కన నాలుగంకెలు ఉంటాయి. ఆ చేప 140 డాలర్లకి పాడి, గెలిచి, నాలుగు రోజులు నీళ్లలోకి పోతుంది. ఐదో రోజు తేలి, “మా వాడు నా ఫోనుతో ఆడుకుంటూ నొక్కేశాడండీ” అంటుంది. వాడికెన్నేళ్లని అడిగాను. పంతొమ్మిదన్నాడు. ఇంకొకాయన పిల్లి కీబోర్డు మీద నడిచిందని చెప్పాడు. నడిస్తే నడిచింది, అది సరిగ్గా ఆఖరి ఏడు సెకన్లలో నడవడం, నడిచి 162 డాలర్ల 50 సెంట్లు కొట్టడం విశేషం. ఒకాయన కంప్రెషన్ ఎంతన్నాడు, 150 అని చెప్పాను. సైలెన్సర్ విప్పి పిస్టన్ ఫొటో పెట్టమన్నాడు, పెట్టాను. మీద గీతల్లేవు, అద్దంలా ఉంది. చలిలో స్టార్టవుతుందా అన్నాడు, ఫ్రీజర్‌లో పెట్టి తీసి వీడియో పంపాను. (ఫ్రీజర్‌లో గోంగూర ప్యాకెట్లు ఉండేవి. అది వేరే కథ, అది మా ఆవిడ రాస్తుంది.) పద్నాలుగు ప్రశ్నలయ్యాక ఆయన వేరే రంపం కొనుక్కున్నాడు. వేరొకాయన డబ్బుకి బదులు గిన్నీకోళ్లు ఇస్తానన్నాడు. అదొక్కటీ నేను నిజంగా ఆలోచించాను.

“మా ఇంట్లో ఒప్పుకోలేదు” అని నిజం రాసినవాడు మొత్తం ఆరేళ్లలో ఒక్కడు. వెంటనే రద్దు చేశాను. ఆ వాక్యం రాయడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు.

ఈ ఏడుపు నేను మా ఆవిడ దగ్గర రోజూ ఏడ్చేవాణ్ని. ఒకరోజు చదువుకున్నవాణ్నని గుర్తుచేయడానికి రోము సంగతి ఎత్తాను. క్రీ.శ. 193లో అంగరక్షక సైనికులు చక్రవర్తిని చంపేసి రాజ్యాన్నే వేలానికి పెట్టారు, డిడియస్ జూలియానస్ అనే ఆయన తలకి 25 వేల నాణేలిస్తానని పాడి గెలిచాడు, 66 రోజులకే ఆయన తలా పోయింది అని.

“అయితే మీ చేపాయన్ని కూడా చంపుతారా?” అంది ఆమె పప్పు తాలింపు వేస్తూ.

“కాదు, అప్పట్లోనే ఇలా...”

“ఆ రోమువాళ్లకి కారు పెట్టుకోడానికి చోటుండేదా?”

నిజానికి ఇక్కడిదాకా నేను బాధితుణ్ని. ఇక్కణ్నుంచి కాదు.

కిందటేడు శీతాకాలంలో నా చేతికి ఒక హుస్క్‌వర్నా వచ్చింది. పదహారు అంగుళాల బ్లేడు, మంచి మిషను. 1689లో తుపాకుల ఫ్యాక్టరీగా పుట్టిన స్వీడన్ కంపెనీ, 1959లో చైన్‌సాల్లోకి దిగింది. ఆ గౌరవానికి తగ్గట్టు నేను రెండు శనివారాలు, ఒక ఆదివారం, ఒక పెళ్లిరోజు దానికి ధారపోశాను. కనీసం 180 రావాలని మనసులో పెట్టుకున్నాను. ఆఖరి రోజు రాత్రి ఎనిమిదింటికి పాట 140 దగ్గర నిలబడిపోయింది.

అప్పుడు మా బామ్మర్దికి ఫోన్ చేశాను.

ఇది నేరం. ఏ వేలం సైటైనా సొంత మనుషులతో పాట పెంచడాన్ని నిషేధిస్తుంది. పట్టుబడితే ఖాతా మూసేస్తుంది. ఇది తెలిసే చేశాను, అందుకే దీన్ని ఒప్పుకోలు అంటున్నాను. “ఒరే, కొత్త ఖాతా తెరిచి కొంచెం తోయి. 175 దాకా. ఆగిపో” అన్నాను. నా లెక్క నాకుంది. ఈ సైట్లలో మనం ఎంతదాకా ఇస్తామో ముందే గుట్టుగా చెప్పేస్తే, యంత్రం మన తరఫున పాడుతుంది, రెండోవాడి మాట మీద ఒక్క మెట్టు ఎక్కి ఆగుతుంది. దీనికి దగ్గరి పద్ధతి ఒకటి విలియం విక్రీ అనే ఆచార్యుడు 1961లోనే రాశాడు. అందులో ఎవడి మనసులో ఉన్న ధర వాడు నిజాయితీగా చెప్పుకోవడమే లాభమని తేల్చాడు. 1996లో నోబెల్ ప్రకటించిన మూడో రోజున పోయాడు. వేలంపాటలతో పెట్టుకున్నవాళ్లు బాగుపడరనడానికి మా ఆవిడ చూపించే ఉదాహరణల్లో జూలియానస్ తర్వాత ఆయనే.

నేను మరిచిపోయిందేంటంటే, మా బామ్మర్ది హైదరాబాదులో పెరిగినవాడు. 1994లో వేలంలో 450 రూపాయలకి పోయిన బాలాపూర్ వినాయకుడి లడ్డూ 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలకి పోవడం కళ్లారా చూసినట్టు చెప్పేవాడు. వాడికి పాటంటే ధర కాదు, పంతం.

వాడు 150 కొట్టాడు. అవతలివాడి యంత్రం వెంటనే 152.50 అంది. వీడు 170. అది 172.50. వీడు 175. అది 177.50. సరిగ్గా ఇక్కడ ఆగాలి. “చాలు, చాలు” అని మెసేజ్ పెట్టాను. చూసుకోలేదు. గడియారంలో నలభై సెకన్లున్నాయి. అన్నం ప్లేటు ముందు పెట్టుకుని చెయ్యి ఆరిపోతుండగా స్క్రీన్ చూస్తున్నాను. 200, దాని మీద 202.50. ఒకటోసారి. రెండోసారి. మా వాడు 300 కొట్టాడు. అవతలివాడి మనసులో ఉన్నది 205. మూడోసారి.

207 డాలర్ల 50 సెంట్లు.

ఫోన్ మోగింది. “బావా! గెలిచేశాం!”

లోపల్నుంచి మా ఆవిడ, “తమ్ముడేనా? ఏం గెలిచాడంట?” అంది.

205 దాకా వచ్చిన ఆ మనిషి తుపాను ప్రాంతంలో పడిన చెట్లు తీస్తున్నాడని ముందు రోజు అడిగిన ఒక్క ప్రశ్నలో తెలిసింది. ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, బ్రేకు పనిచేస్తుందా అని. ఆరేళ్లలో నాకు దొరికిన అసలైన పాటదారు. మర్నాడు అతనికి రెండో అవకాశం కింద పంపాను, గెలిచినాయన వెనక్కి తగ్గాడు, మీరు తీసుకోండి అని. రెండు ముక్కల్లో జవాబొచ్చింది. “కొత్త ఖాతా, ఒక్క కొనుగోలూ లేదు, నలభై సెకన్లు. అర్థమైంది. ఉంటాను.”

ఆ జవాబు నేను ఎవరికీ చూపించలేదు.

ఇంతలో సైటు 207.50 మీద తన కమీషన్ లెక్కగట్టింది. అది వెనక్కి రావాలంటే, కొన్నవాడు డబ్బు కట్టలేదని నేను ఫిర్యాదు పెట్టాలి. కొన్నవాడు మా ఆవిడ తమ్ముడు. వాడి పేరు మీద ‘నమ్మదగని పాటదారు’ అని ముద్ర పడుతుంది. పాటలాయన మా ఇంట్లోకే వచ్చాడన్నమాట. విషయం మొత్తం చెప్పక తప్పలేదు. ఆమె పూర్తిగా వింది. వినడం అయ్యాక చాలాసేపు మాట్లాడలేదు. నేను చోక్ తీయాలో సగం నెట్టాలో తెలియక కూర్చున్నాను.

“పాడింది వాడేగా. పంపించండి” అంది.

“వాడేం చేసుకుంటాడు?”

“అది పాడకముందు ఆలోచించాలి. ఇద్దరూ.”

పెట్రోలు మొత్తం ఒంపేశాను, లేకపోతే ప్రమాదకర వస్తువని పార్సిల్ తీసుకోరు. గొలుసుకి పోసే ఆయిలు కూడా తుడిచాను గానీ అది పూర్తిగా పోయే రకం కాదు, పెట్టె మూలల్లోంచి ఎర్రగా ఊరుతూనే ఉంటుంది. పోస్టాఫీసులో అమ్మాయి అనుమానంగా చూస్తే ఆవకాయ అని చెప్పబోయి ఆగాను. ఇప్పటికే ఆడిన అబద్ధాలు చాలు. చుట్టూ కుక్కడానికి ఊరి నుంచి తెచ్చుకున్న పాత వారపత్రికలు వాడాను. ఒక సీరియల్ ఆఖరి భాగం అందులోనే పోయింది. పోస్టు ఖర్చు 34 డాలర్లు, నాదే.

మా బామ్మర్ది ఉండేది న్యూజెర్సీలో, మూడో అంతస్తు అపార్ట్‌మెంటులో. వాడి ఆధీనంలో ఉన్న మొత్తం అడవి, కిటికీ దగ్గర కుండీలో ఒక కరివేపాకు మొక్క. నాలుగు రోజులు ఏ కబురూ లేదు. ఐదో రోజు మెసేజ్ వచ్చింది.

“బావా, తాడు లాగితే స్టార్ట్ కావట్లేదు. పెట్రోలు పోయాలా? మా వాడు ఫోనుతో ఆడుతూ నొక్కేసినట్టు పెట్టుకోవచ్చా? రిటర్న్ తీసుకుంటే షిప్పింగ్ ఎవరిది?”