కాపలా ఉంది, కాయడమే లేదు

మన ఐటీ ఆఫీసుల్లో వెబ్ అప్లికేషన్ ఫైర్‌వాల్ ఏడాదికోసారి గుర్తొస్తుంది. ఆడిట్ దగ్గర పడ్డప్పుడు. "రూల్స్ ఏ వెర్షన్?" అని ఆడిటర్ అడుగుతాడు గనుక, చెప్పడానికి కొత్త నంబరొకటి కావాలి.

ఫైర్‌వాల్‌కి రూల్స్ ఇచ్చే ఓవాస్ప్ కోర్ రూల్ సెట్ మూడో వెర్షన్ 2016లో వచ్చింది, నాలుగోది 2024 ఫిబ్రవరిలో. అన్నేళ్ల తేడా ఉంటే ఏం మారిందో ఓసారి చదవాలి కదా! మనవాళ్లకు అంత తీరికేదీ? పాత సెటప్ ఫైలు కాపీ, కొత్త ఫోల్డర్లో పేస్టు, శనివారం అర్ధరాత్రి మమ.

నాలుగో వెర్షన్‌లో కాపలా ఎంత గట్టిగా ఉండాలో చెప్పే పారనోయా లెవెల్ సెట్టింగు పేరు మారింది. పాత ఫైలులో ఉన్న పాత పేరును కొత్త రూల్స్ అసలు చూడవు. ఎర్రర్ లేదు, గొడవ లేదు, నిశ్శబ్దంగా ఒకటో లెవెల్‌కి దిగి కూర్చుంటాయి. నిన్నటిదాకా రెండో లెవెల్లో ఉన్న సైటుకి ఇవాళ కాపలా తగ్గింది, వెర్షన్ నంబరు మాత్రం పెరిగింది. వర్డ్‌ప్రెస్ లాంటివాటికి ఇచ్చే మినహాయింపులు కూడా విడి ప్లగిన్లయ్యాయి. అవి వేయాలని ఎవరికీ తట్టదు. సోమవారం పొద్దున మార్కెటింగ్ వాళ్లు పోస్టు పెట్టబోతే 403 ఎర్రర్.

"సైటుకేమైందయ్యా?"

"ఫైర్‌వాల్ ఆపుతోంది సార్."

"ఆపడమేంటి? ముందు దాన్ని ఆపండి!"

ఆపేస్తారు. ప్రమాదకరమైన రూల్ ఒక్కటి తగిలినా 5 పాయింట్లు, 5 చేరితే రిక్వెస్టు బయటికి. త్రెషోల్డ్ అనే ఆ 5ని 10000 చేస్తారు. మొదట్లో అలా పెంచి, లాగ్ చదువుతూ, తప్పుడు అలారాలు ఏరేస్తూ మెట్టుమెట్టుగా 5కి దిగమని తెలిసినవాళ్లే చెబుతారు. మనవాళ్లు ఎక్కడం వరకే విన్నారు. లేదంటే డిటెక్షన్ ఓన్లీ, అంటే చూడ్డమే తప్ప ఆపడం లేదు. దొంగ ఎప్పుడొచ్చాడు, ఏ కిటికీలోంచి దూరాడు, అన్నీ లాగ్‌లో పద్ధతిగా రాసి ఉంటాయి. ఆ లాగ్‌ని చదివే నాథుడు లేడు, డిస్కు నిండితే డిలీట్ చేసేవాడున్నాడు.

ఇక ఆరంభశూరులు నేరుగా మూడో లెవెల్ ఎక్కుతారు. అక్కడ 920272 అనే రూలు ఉంది. ఆస్కీలో అచ్చయ్యే అక్షరాలు దాటి ఏమొచ్చినా దానికి అనుమానమే. తెలుగు లిపి మొత్తం ఆ గీత అవతలే. అడ్రసులో "అనకాపల్లి" అని తెలుగులో కొట్టిన పెద్దాయన ఒక్క ఊరిపేరుతో 5 పాయింట్లు గెలుచుకుని హ్యాకరైపోతాడు. రూలు తప్పేం లేదు. తెలుగు ఫారం పెట్టి, దానికి మినహాయింపు రాయనివాడిదే తప్పు.

ఫైర్‌వాల్ అంటే భయం ఊరికే పుట్టలేదనుకోండి. 2019 జులై 2న క్లౌడ్‌ఫ్లేర్‌లో ఫైర్‌వాల్ రూలొకటి, దేన్నీ ఆపని పరీక్ష మోడ్‌లో ఉండి కూడా, ప్రపంచమంతా సర్వర్ల సీపీయూలను తినేసి 27 నిమిషాలు సైట్లను పడేసింది. ఒక్క రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ చేసిన పని అది. ఏం జరిగిందో వాళ్లు పూసగుచ్చినట్టు రాసి లోకానికి చెప్పారు. మన దగ్గర "టెక్నికల్ ఇష్యూ" అనేస్తే టికెట్ క్లోజు.

ఆడిటర్ గారూ, ఈసారికి వెర్షన్ నంబరు వదిలేయండి. త్రెషోల్డ్ ఎంతో అడగండి. మినహాయింపుల ఫైలు తెరిపించండి. లాగ్ ఆఖరిసారి ఎవరు, ఎప్పుడు చదివారో రాసిమ్మనండి.