దేవుడిది జనరల్ షిఫ్టు

సండే స్కూల్లో సృష్టి కథ చెప్పిన దగ్గర్నుంచీ మా పాప నా ప్రాణం తోడేస్తోంది. దేవుడు ఆరు రోజులు పనిచేసి ఏడోనాడు విశ్రమించాడని చెప్పారట. కంపెనీలున్న ఊళ్ళో పిల్లలకి అలాంటివి చెప్పచ్చా? "దేవుడిది జనరల్ షిఫ్టా మమ్మీ? డాడీకి బుధవారం ఆఫ్ గదా, మనం బుధవారం చర్చికి పోదామా?"

నైట్ షిఫ్టు దిగి ముసుగుతన్నిన వాళ్ళ డాడీ, ముసుగులోంచే "మీ అమ్మనడుగు" అంటాడు. ఇస్నాపూర్‌లో మేముండే వైపు రాత్రి గాలి తిరిగిందంటే కిటికీలు మూసుకోవాలి. నరకంలో గంధకం మండుతుందని టీచరంటే, మాది చెయ్యెత్తి "మా ఇంటికాడ గూడ" అందట.

వీటన్నిటినీ మించింది రాత్రి ఎనిమిదింటి పరీక్ష. నర్సాపురం నుంచి మా అమ్మ ఫోన్లో చేయించే కుటుంబ ప్రార్థన. స్పీకరు పెట్టి ఫోను గిన్నెకి ఆనించాలి. ముందు మోకాళ్ళ నొప్పులవాళ్ళు. తరవాత పెళ్ళి కావలసినవాళ్ళు, ఆపైన అయి బాధపడుతున్నవాళ్ళు. ఎదురింటి గేదె. కుక్కరు ఎన్ని కూతలేసినా లేవడానికి లేదు. అప్పుడొస్తాయి నా మీద ఫిర్యాదులు. నాతో అనదు, నాకు వినపడేలా ప్రభువుతో చెబుతుంది. "ప్రభువా, గుమ్మంలో మెదక్ చర్చి పెట్టుకుని ఒక్కనాడూ గడప తొక్కని నీ బిడ్డను క్షమించు." ఒకప్పుడు మాది మెదక్ జిల్లా అన్న పాపానికి, ఆ చర్చి మా వీధి చివరే ఉందనుకుంటుంది. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన దగ్గర్నుంచీ అది మెదక్ ఊళ్ళోనే ఉంది. వెళ్ళి రావాలంటే ఒక ఆఫ్ ఖర్చు. కానీ ప్రార్థనకి ఎదురు చెప్పేదెలా? చివర్న ఆమేన్ అనాలి. అన్నామంటే ఒప్పుకున్నట్టే.

ఆఖర్న మనవరాలికి చరిత్ర. "మన నర్సాపురానికి సువార్త తెచ్చిందెవరు తల్లీ?"

"బీరు!"

తప్పు లేదు. 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరిన దొరలు బౌడెన్, బీర్. కానీ దీనికి తెలిసిన బీరు సందు మొదట్లో వైన్‌షాపులో ఉంటుంది. ఆ బౌడెన్ పేరైనా చెప్పవే అంటే వినదు.

ఆ దొరలతో వచ్చిన దొరసానులు గుర్తొస్తారు నాకు. ఊరు కాని ఊళ్ళో, రాని భాషలో, ఆ ఎండల్లో పిల్లల్ని పెంచారు. పుట్టింటి ఉత్తరానికి నెలలు పట్టేది. నేను రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అమ్మ దగ్గరుంటాను. అయినా ఏడుపొస్తుంది ఒక్కోసారి. చిన్నప్పుడు మా అమ్మ నాకు ఒక్క వాక్యం నేర్పిన గుర్తు లేదు. చర్చిలో కునుకు తీస్తే వెనక వరసలో మామ్మగారు తొడపాశం పెట్టేది. వాక్యం తప్పకుండా చెబితే పాస్టరమ్మగారు బెల్లం ముక్క పెట్టేది. మా అమ్మ నిశ్చింతగా పాటలు పాడుకునేది. ఇక్కడ తొడపాశమూ నేనే, బెల్లమూ నేనే. పాప ఏ చెయ్యి ఎందుకొస్తోందో తెలీక ముందే వెనక్కి జరుగుతోంది.

ఇది అమ్మతో చెప్పుకుందామనే ఉంది. కానీ రేపట్నుంచి ప్రార్థన ఏడున్నరకేనట, తొందరగా ముగించాలట. సీరియల్ టైం మారింది.