లాంగ్ రెస్ట్ లింగమూర్తి

రోల్ ప్లేయింగ్ ఆటల్లో డ్రాగన్ల గుహ మీదికి దండెత్తే ప్రతి బృందంలోనూ ఒక లాంగ్ రెస్ట్ లింగమూర్తి ఉంటాడు. ఒంట్లో మూడు బాణాలు దిగినా వైద్యుడి ఊసెత్తడు, "పడుకుందామా?" అంటాడు. కథ నడిపే గేమ్ మాస్టర్ పూటకూళ్లింటి గుమ్మం వర్ణించబోతే, వాక్యం పూర్తి కాకముందే "తెల్లారింది కదా?" అని లేచి కూర్చుంటాడు. పూటకూళ్లమ్మ పేరు తెలియదు, గది అద్దె మాత్రం కంఠతా వచ్చు. నెగడు చుట్టూ తోటివాళ్లు కష్టసుఖాలు చెప్పుకుంటుంటే ఈయన మంత్రాల పట్టీ సరిచూసుకుంటాడు. ఈయన లెక్కలో నిద్రంటే ఫోన్ ఛార్జింగే.

రసహీనుడని తిట్టేయడం తేలికే గానీ, ఈయన్ని ఇలా పెంచింది నియమాలు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నాటి అయిదో ఎడిషన్‌లో 8 గంటలు విశ్రమిస్తే, అంటే లాంగ్ రెస్ట్ తీసుకుంటే, హిట్ పాయింట్లన్నీ (ప్రాణశక్తి లెక్క) తిరిగొస్తాయి. రాత్రి చావు అంచున ఉన్నవాడు పొద్దున్నే గుండ్రాయిలా లేస్తాడు. పోయేదేమీ లేనిచోట ఆలోచించేదెవరు? అందుకే బసకు ప్రాణం పోసేది పులుసు ఘుమఘుమల వర్ణన కాదు, ఏదో ఒకటి వదులుకోక తప్పని ఎంపిక. బాల్డర్స్ గేట్ 3 (2023) వీడియో గేమ్ మామూలు స్థాయిలో పూర్తి విశ్రాంతికి 40 యూనిట్ల సరుకులు అడుగుతుంది. సహచరులు మనసు విప్పే ఘట్టాలు చాలావాటిని శిబిరంలోనే దాచింది. ఫైనల్ ఫాంటసీ 15 (2016) ఇంకా గడుసుది: సంపాదించిన అనుభవ పాయింట్లు పడుకుంటేనే ఖాతాలో పడతాయి. ఖరీదైన హోటల్లో దిగితే అవి రెట్టింపవచ్చు. గుడారం వేస్తే సహచరుడు ఇగ్నిస్ చేతి వంట దొరుకుతుంది. పాయింట్లా, భోజనమా? లింగమూర్తి నుదుటి మీద తొలి ముడత అక్కడే పడుతుంది.

"రొట్టెలు, కట్టెలు లెక్కపెట్టడానికా ఆటకొచ్చింది?" అని అడగొచ్చు. సబబే, లెక్క పెరిగినంత మాత్రాన ఎంపిక పుట్టదు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్‌లోనే లాంగ్ రెస్ట్‌ను 7 రోజులకు సాగదీసే ఐచ్ఛిక నియమం ఉంది. లింగమూర్తికి అదో లెక్కా? "వారం గడిచింది" అంటాడు, ఒక్క ఊపిరిలో. ఆ వారంలో శత్రువు ఒక ఊరు తగలబెడితేనే వారానికి బరువు. అలాగని రాత్రికో దాడి పెట్టినా దండగే: కవచం విప్పడం మానేస్తాడు, అంతే. రాత్రికి ఒక్క ప్రశ్న చాలు. మేడమీద గదికి గొళ్లెం గట్టిది, అద్దె ఎక్కువ. కింది హాలు చవక, కానీ దొంగలు తాగుతున్నది అక్కడే. లింగమూర్తి చవక చూసి హాల్లోనే పడుకుంటాడు, తెల్లవార్లూ చెవులు రిక్కించుకుని. నిద్ర విలువ తెలియాలంటే ముందు అది చెడాలి మరి.